గౌలిపుర పేరుతో దాచిన నంబరు

చార్మినార్ దగ్గర బస్సు కదలగానే, నా పక్కన కూర్చున్నామె నా వైపు తిరిగింది.

"తమ్మీ, నా ఫోన్ బంద్ అయింది. పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయి వచ్చిన. మా బిడ్డకు ఒక్క ఫోన్ చేస్తవా? దాని సిమ్ముల రీఛార్జ్ లేదు. ఇంట్ల వైఫై ఉన్నది, నెట్ కాలే పోతది."

ఇంట్లోనూ ఆఫీసులోనూ రోజంతా నెట్ కాల్స్‌లో మాట్లాడేవాణ్ణి నేను. ఫోన్ పరాయి చేతికిస్తే ఖాతా ఖాళీ అవుతుందని విని విని ఉన్నాను. పాలు, సిమ్ము, వైఫై... కథ మరీ అతికినట్టు సరిపోయింది. ఫోన్ ఇవ్వకుండా, నంబరు చెప్పమని అడిగి, నెట్ కాల్ కోసం నేనే సేవ్ చెయ్యబోయాను.

"పేరేం రాయాలక్కా?"

"పేరెందుకు? మా బస్తీ పేరు, గౌలిపుర అని రాస్కో."

అనుమానం ఇంకా పెరిగింది. స్పీకర్ పెట్టి, ఫోన్ గుప్పిట్లోనే ఉంచుకున్నాను. తెర మీద ఒక అమ్మాయి ఫొటో వచ్చింది. పక్కనామె చప్పున అరచెయ్యి అడ్డం పెట్టింది.

"బిడ్డా, స్టవ్ బంద్ చెయ్!"

"ఎప్పుడో చేసిన మమ్మీ. ఎవలి నంబరిది?"

కాల్ కట్ చెయ్యమని ఆమె నాకు సైగ చేసింది. కాల్ అయిపోయాక నా ముఖంలోకి చూసింది.

"నంబర్ తీసెయ్ తమ్మీ. నా ముంగటనే తీసెయ్."

తీసేశాను. ఆమె నమ్మలేదు, చెయ్యి చాపింది. అంతసేపూ గుప్పిట్లో దాచుకున్న ఫోన్‌ను మారుమాట లేకుండా ఆమె చేతిలో పెట్టాను. కాల్స్ జాబితా అంతా వెతికి చూసి, తిరిగిచ్చి, తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఆ అమ్మాయి ముఖం నాకిప్పుడు గుర్తు లేదు. ఆ అరచెయ్యే గుర్తుంది.