కత్తి, కర్ర, గిన్నె, నాణెం

మొన్న మా అమ్మాయి మాల్‌లో టారో కార్డుల పెట్టె కొనుక్కొచ్చి, నా భవిష్యత్తు చెబుతానంటూ సోఫాలో కూర్చోబెట్టింది. ఆ కార్డులు చూడగానే నార్త్ యార్క్‌లో చదువుకున్న రోజులు, అప్పుడు నేను అద్దెకున్న ఇంటావిడ గుర్తుకొచ్చారు.

అవి మన పిల్లలు చదువుల కోసం ఈ దేశంలో విమానాల నిండా వచ్చి దిగుతున్న ఏళ్ళు. ఆవిడ బేస్‌మెంట్‌లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన ఒక అక్కా ఒకే గదిలో ఉండేవాళ్ళం. కాలేజీ లేని రోజుల్లో పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనికి కలిసే వెళ్ళేవాళ్ళం. చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చిన ఆ ఇంటావిడ, చర్చి నుంచి రాగానే మమ్మల్ని పైకి పిలిచి, కాఫీ ఇచ్చి, పాత టారో పేకతో ఆట నేర్పేవారు. మన ఆటీను, ఇస్పేటుల్లాగే అందులోనూ నాలుగు జాతులు: కత్తులు, కర్రలు, గిన్నెలు, నాణేలు.

ఒకరోజు గోడౌన్‌లో సూపర్‌వైజర్ ఫోర్క్‌లిఫ్ట్‌తో ర్యాక్‌ను గుద్ది, సరుకంతా పాడు చేసి, ఆ నేరాన్ని కొత్తగా చేరిన గుంటూరు అబ్బాయి మీదకు నెట్టాడు. అక్క అంతా కళ్ళారా చూసింది. "చెప్తే మన షిఫ్టులు పోతయేమో చెల్లె. ఆంటీని కార్డులు సూసి చెప్పమందాం" అంది.

వెళ్ళి అడిగితే ఇంటావిడ నవ్వలేదు. రేపటి సంగతి ఈ అట్టముక్కలకు తెలియదంటూనే, జాతికొకటి చొప్పున బల్ల మీద పరిచి, తన నాయనమ్మ నేర్పిన అర్థాలు చెప్పారు. కత్తి న్యాయం, కర్ర ధైర్యం, గిన్నె నిగ్రహం. నాణెమంటే డబ్బు కాదు, చెల్లేదేదో చెల్లనిదేదో పోల్చుకునే వివేకం.

"వీటిలో ఇప్పుడు నీకు ఏది తక్కువైంది?" అని ఆవిడ అడిగితే, అక్క కర్ర మీద వేలు పెట్టింది.

"అయితే గిన్నెను కూడా మరిచిపోకు. కోపంతో వెళ్ళకు" అన్నారావిడ.

మర్నాడు అక్క మేనేజర్ గదిలోకి వెళ్ళి, గొంతు పెంచకుండా, చూసింది చూసినట్టు చెప్పింది. నేను తలుపు బయటే నిలబడ్డాను. ఆ అబ్బాయి ఉద్యోగం నిలిచింది. సూపర్‌వైజర్ కూడా అదే పనిలో కొనసాగాడు, షిఫ్టులు వేసేది అతనే. నెల తిరక్కుండా అక్కకు షిఫ్టులు రావడం ఆగిపోయింది. చాన్నాళ్ళు ఇబ్బంది పడి, చివరికి మిల్టన్‌లో ఒక బేకరీలో చేరి, ఆ ఊళ్ళోనే స్థిరపడింది. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ, "పోతే పోయినయ్ తియ్, నిద్రయితే మంచిగ పట్టింది" అంటుంది.

ఇంటావిడ కాలం చేశారు. ఆ ఇంటి చోట కాండో అపార్ట్‌మెంట్ల టవర్ లేచింది. ఇప్పుడు మా బేస్‌మెంట్‌లోనూ ఇద్దరు తెలుగు పిల్లలు అద్దెకుంటున్నారు. ఇంటి పక్కవైపున్న వేరే తలుపు నుంచి వస్తారు, పోతారు. ఏదైనా కావాలంటే ఫోన్‌లో మెసేజ్ పెడతారు, నేనూ అందులోనే జవాబిస్తాను. ఒకే కప్పు కింద ఇన్నాళ్ళుగా ఉంటున్నాం గానీ, మీది ఏ ఊరని నేనడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.