బస్సత్తయ్య పెరట్లో నా చేతులు

కనుమ దారిలో జీపు నడపాలని మా ఆవిడకి పదకొండేళ్ళ నుంచీ కోరిక. ఆ దారి పటం మా ఇంట్లో ఫ్రిజ్జు తలుపుకి అతికించి ఉంటుంది. పాలు తీసినా పెరుగు తీసినా ముందు ఆ వంకర గీత కనపడాల్సిందే. ఆవిడ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. చెయ్యి వణకదు, మాట తొణకదు. నేను పరదాల గుడ్డలు అమ్ముతాను. నా సంగతి చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మంచు కరిగాక, మళ్ళీ వానలు పట్టేలోపు, ఆ దారి మూడు వారాలే తెరిచి ఉంటుంది. రోడ్డని పిలవడం మర్యాద కోసమే. రాళ్ళు, వాగులు, ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ ఉండదు. ఈ ఏడు మా ఆవిడకి సరిగ్గా ఆ రోజుల్లోనే సెలవు దొరికింది. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో వాళ్ళ ఆసుపత్రి పెద్ద డాక్టరుకే తెలియాలి. అందుకని ఇద్దరం బస్సత్తయ్య దగ్గర చేరాం.

బస్సత్తయ్య ఎవరికీ అత్తయ్య కాదు, అందరికీ అత్తయ్యే. ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపింది. బస్సుకి ఒక్క గీత పడలేదు, ఒక్క పిల్లాడు ఇంకో వీధిలో దిగలేదు. రిటైరయ్యాక మూడు పాత జీపులు కొని, తనే బాగుచేసుకుని, కనుమ మీదికి వెళ్ళేవాళ్ళకి తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే ఖాకీ చొక్కా, రెండు పక్కలా పెద్ద జేబులు. పొద్దున్నే వరసగా నిలబెట్టి హాజరు తీసుకుంటుంది. బయల్దేరే ముందు "అందరూ బాత్రూముకి వెళ్ళొచ్చారా?" అని అడుగుతుంది. యాభై రెండేళ్ళవాణ్ణి, తల వంచుకుని "వెళ్ళానండీ" అనేవాణ్ణి.

మా జట్టులో మూడు బళ్ళు. ఒకటి మాది. ఒకటి పళ్ళ డాక్టరుది, పక్కన ఆయన బావమరిది. మూడోది అక్కాచెల్లెళ్ళిద్దరిది, ఇద్దరూ లైబ్రరీలో పనిచేస్తారు. ఆ పని మహిమో ఏమో, వాళ్ళు పోట్లాడుకోవడం కూడా గుసగుసగానే.

అత్తయ్య పెరడు చూస్తే పెరడు అనబుద్ధి కాదు. ఒక మూల గుంతలో నీళ్ళు, అది వాగు. రాళ్ళ కుప్ప, అది కొండచరియ. దుంగల మీద రెండు పలకలు, అది వంతెన. వంతెన దిగే చోట, పక్కనే, చెక్కలకి బిగించిన పాత డ్రైవరు సీటు. స్కూలు వాళ్ళు బస్సుని తుక్కుకి వేసినప్పుడు ఆవిడ అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. సాయంత్రం టీ దాని మీద కూచునే తాగుతుంది.

చక్రాల్లో గాలి ఎంత తగ్గించాలో, వాగులో దిగే ముందు నడిచి ఎందుకు చూడాలో, పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజనుకి మనలాగే ఎందుకు ఆయాసం వస్తుందో, అన్నీ చెప్పింది. కానీ ఆవిడ అసలు పాఠం చేతులది. ఇరుకు చోట ఒకరు బండి దిగి ఎదురుగా నిలబడి దారి చూపించాలి. నడిపేవాళ్ళు దారిని చూడకూడదు, ఆ చేతులనే చూడాలి. చెయ్యి ఏ పక్కకి చాస్తే బండి ఆ పక్కకి. అరచెయ్యి పైకెత్తితే ఆగిపోవాలి. పని లేనప్పుడు చేతులు జేబులో.

"అరిస్తే సరిపోదా అత్తయ్యా?" అన్నాను మొదటి రోజే.

"నలభై మంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని అరిచి చూడు అబ్బాయ్. నీ అరుపు కూడా వాళ్ళ గోలలో కలిసిపోతుంది. నేను అద్దంలో అరచెయ్యి చూపించేదాన్ని, అంతే. గప్‌చిప్. కొండ మీద గాలి కూడా ఆ పిల్లల్లాంటిదే."

ఆవిడ షరతు ఒక్కటే. అక్కడ ఒక బండి ఇరుక్కుంటే వెనక రెండూ ఇరుక్కున్నట్టే. కాబట్టి ఆఖరి పరీక్షలో ఒక్క జంట తప్పినా ఎవరికీ తాళాలు ఇవ్వదు.

పరీక్ష రోజు మిగతా రెండు బళ్ళూ వంతెన దాటేశాయి. మా ఆవిడ స్టీరింగు దగ్గర, నేను ఎదురుగా. ముందు చక్రాలు పలకలు ఎక్కాయి. బెత్తెడు బెత్తెడు చొప్పున లాక్కొస్తున్నాను. పలకలు దాటి, నాలుగు చక్రాలూ నేల మీద పడ్డాయి. ఇంకొక్క జీపు పొడవు తిన్నగా, అత్తయ్య నేల మీద గీసిన గీత దాకా వస్తే అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడు పళ్ళ డాక్టరు గట్టు మీంచి, "ఏవండీ, ఆ దవడపన్ను నొప్పి తగ్గిందా?" అన్నాడు.

"ఆ, ఎప్పుడో తగ్గిపోయిందండీ!" అన్నాను. నోటితో అని ఊరుకుంటే బావుండును. పరదాల కొట్టువాణ్ణి. గుడ్డ జాలువారుతుందని చెప్పాలంటే రెండు చేతులూ జాలువారాలి. ఇరవై ఏళ్ళ అలవాటు. నా ఎడమ చెయ్యి ఆ నొప్పినంతటినీ ఊడ్చి అవతల పారేసినట్టు బారుగా చాచుకుంది.

మా ఆవిడ ఆ పక్కకి తిప్పింది. చక్కగా, తొణక్కుండా వచ్చి, అత్తయ్య సీటు మీదికి ఎక్కించేసింది.

స్ప్రింగులు 'కుయ్యి'మన్న చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. అత్తయ్య అరచెయ్యెత్తింది. జీపు ఆగింది.

"ఏవిటే ఇది!" అన్నాను, తప్పు వేరేవాళ్ళ మీదికి పోతుందేమోనన్న ఆశతో.

"మీరు చెయ్యి చాచారు, నేను వచ్చాను," అంది కిటికీలోంచి. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి మీరు చెప్పినట్టు ఒక్కసారి విన్నాను. అది ఇలా ఏడిసింది."

లైబ్రరీ అక్కాచెల్లెళ్ళు మొదటిసారి పైకి వినపడేలా నవ్వారు.

అత్తయ్య సీటు దగ్గర వంగి చూసింది. తొడుగు చిరిగి, స్ప్రింగులు అణిగిపోయాయి. "ఎవరికీ దెబ్బ తగల్లేదుగా?" అని, మా ఆవిడతో, "నువ్వు పాసయ్యావమ్మా," అంది. తర్వాత నాకేసి తిరిగింది. "నీ చేతులు తప్పాయి అబ్బాయ్. ఆదివారం ఇంకోసారి చూస్తా. అప్పటిదాకా ఎవరితో మాట్లాడినా చేతులు జేబులో పెట్టుకునే మాట్లాడు."

ఇంటికొచ్చాక మా ఆవిడ పాల గిన్నె తీసి, ఫ్రిజ్జు తలుపు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడింది. తిట్టినా బావుండేది.

ఆ వారం కొట్లో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. "ఇది... జాలువారుతుందమ్మా," అని ఊరుకోవాల్సి వచ్చేది. జేబుల్లో చేతులు కట్టేసిన దూడల్లా గింజుకునేవి. ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "చేతులకేమైంది అన్నయ్యా?" అంది. "ఆదివారం దాకా ఇంతేనమ్మా," అన్నాను. జాలిపడి రెండు మీటర్లు ఎక్కువే కొంది.

చేతులకి పని చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉందని, సీటుకి కొత్త తొడుగు కుట్టాను. కొట్లో అంత మందం గుడ్డ ఒక్కటే ఉంది, పెద్ద పెద్ద పసుపు పువ్వులది. స్ప్రింగులు అత్తయ్యే సాగదీసి సరిచేసింది. తొడుగు వేశాక చూసి, "బస్సులో ఇలాంటిది ఉండుంటే పిల్లలు నన్ను దింపేసేవాళ్ళు," అంది. అని, దాని మీదే కూచుని టీ తాగింది.

ఆదివారం. మళ్ళీ వంతెన, మళ్ళీ మా ఆవిడ, మళ్ళీ నేను. డాక్టరుని నోరు తెరవద్దని ఆయన బావమరిది ముందే బెదిరించి ఉంచాడు. వెనక చక్రాలు పలక మధ్యకి వచ్చేసరికి ఒక తేనెటీగ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, నా ముక్కు మీద వాలింది. అటు నడిచింది, ఇటు నడిచింది. నా చేతులు మాత్రం రమ్మంటూనే ఉన్నాయి. కుట్టింది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి. అయినా రమ్మంటూనే ఉన్నాను. నాలుగు చక్రాలూ దాటి, బండి తిన్నగా గీత దాకా వచ్చాక అరచెయ్యెత్తాను. ఆ తర్వాతే గంతులేశాను.

డాక్టరు పరుగెత్తుకొచ్చి చూసి, "నాకు పళ్ళ సంగతే తెలుసండీ," అని వెనక్కి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ దిగొచ్చి, గోటితో ముల్లు తీసి, "బానే నిలబడ్డారే," అంది. నాకు అంతకంటే ఏం కావాలి? అత్తయ్య జేబులోంచి మూడు తాళాలూ తీసింది.

మర్నాడు తెల్లవారాక హాజరు తీసుకోవడం అయింది, బాత్రూము ప్రశ్న అయింది, మూడు జీపులూ వరసగా గేటు దాటుతున్నాయి. ఉల్లిగడ్డంత ముక్కుతో మా ఆవిడ పక్కన కూచున్నాను. అత్తయ్య గేటు దగ్గర జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. వీడ్కోలు చెబుదామని నా చెయ్యి లేవబోయింది. గబుక్కున తొడ కింద పెట్టుకుని, తల ఊపాను.

ఆవిడ మావైపు చూసింది. ఏమనిపించిందో ఏమో, జేబులోంచి చెయ్యి తీసి, అరచెయ్యి పైకెత్తి ఊపింది.

మూడు బళ్ళూ ఒక్కసారే టక్కున ఆగిపోయాయి. ఇంజన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆరుగురం ఆ చెయ్యికేసే చూస్తున్నాం, తర్వాత ఏం చెయ్యమంటుందోనని.

అత్తయ్య తన చెయ్యి తనే చూసుకుంది. నాలిక్కరుచుకుని, ఆ చెయ్యి గబగబా జేబులో దాచేసింది.

"పొండర్రా, పొండి!" అంది నవ్వాపుకుంటూ. ఆవిడ గొంతు పెంచగా వినడం మాకదే మొదటిసారి.