కాశీలో సాంచాల చప్పుడు

సిరిసిల్లలో బస్సు దిగగానే సాంచాల చప్పుడు చెవుల్లో పడుతుంది. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఆ మోతలోనే పుట్టి పెరిగినదాన్ని, అది వింటే నాకు ప్రాణం లేచి రావాలి. ఎక్కడ! ఇప్పటికీ భయమే వేస్తుంది. మొన్న కోరుట్ల నుంచి వెళ్లినప్పుడూ అంతే. బస్టాండు బయట కాసేపు నిలబడి, దారి ఎటో చూసుకుని గానీ అడుగు వెయ్యలేకపోయాను. అలా ఆగినప్పుడల్లా పద్మక్క గుర్తుకొస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది. అయినా తిట్టుకోకుండా తలచుకోవడం నాకింకా చేతకాదు.

పద్మక్క సిరిసిల్లలో లంగాలు కుట్టే షెడ్డు నడిపేది. నేను అక్కడ మిషను మీద కూర్చునే పనికి చేరి, కొన్నేళ్లకు మొత్తం పని చూసుకునేదాన్నయ్యాను. అక్కకు నోరు పెద్ద. కుట్టు వంకరపోతే బట్ట మొహాన విసిరేది. మధ్యాహ్నం అదే చేత్తో తన డబ్బాలో కూర తీసి నా అన్నంలో వేసేది. కోరుట్లలో ఇంకో షెడ్డు పెడుతూ, అక్కడే ఉండి నడిపించమని నన్నడిగింది. నా మనసంతా దాని మీదే. మస్కట్‌లో ఉన్న మా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "సిరిసిల్లలనే బజారుకు ఒక్కదానివి పోవు, కోరుట్లల ఎట్లుంటవ్? ముందుగాల షెడ్డోళ్లతోని కాశికి పొయ్యి రా, అటెంక చూద్దాం" అన్నాడు. అంటే యాత్రలో ఏ చిన్న తేడా వచ్చినా కోరుట్ల మాట అక్కడితో సరి.

జగిత్యాల ట్రావెల్స్ వాళ్ల యాత్రకు షెడ్డు ఆడవాళ్లమంతా కలిసి బయలుదేరాం. కాశీ చేరిన రోజు ఖాళీ. గైడు వచ్చేది మర్నాడు. పొద్దున సత్రం ముందరి రేవులో మునిగి, తడి చీరలు అక్కడి ఇనుప కంచె మీద ఆరేసి, తిని అందరూ నడుం వాల్చారు. అక్క నన్ను బయటికి పిలిచింది.

"రేపు గైడు మనల్ని గొర్లలెక్క తోల్కపోతడు. ఆయన చూపిచ్చిందే చూడాలె. ఇయ్యాల నువ్వు ఒక్కదానివే పొయ్యి, నీకు నచ్చింది చూసి రా."

"తప్పిపోతే ఎట్లక్కా? నాకు హిందీ గూడ రాదు."

"చేతులున్నయి గదా, సైగ చెయ్యి. ఫోన్ గిట్ల తే. గంటకోసారి ఏడున్నవని అడుగుతడు మీ ఆయన. ఊరు చూస్తవా, ఆయనకు జవాబు చెప్పుకుంట కూసుంటవా?"

ఫోను లాక్కుంది. కోపంతో వెనక్కి చూడకుండా నడిచాను. సత్రం పేరు కూడా చదువుకోలేదు, చూడండి నా తెలివి! కొంతసేపు బాగానే ఉంది. గాజుల కొట్లు చూశాను, మట్టి కప్పులో లస్సీ తాగాను. ఎవరూ పద అనడం లేదు, ఎవరూ ఆగమనడం లేదు. ఆ సంబరంలో ఎన్ని మలుపులు తిరిగానో గమనించనేలేదు. తిరిగి వెళదామనుకునేసరికి ఏ సందు చూసినా ఒకటే తీరు. అప్పుడు వినిపించింది సాంచాల చప్పుడు.

మా వాడలో పిల్లలకు మొదట నేర్పేది, దారి తెలియకపోతే చప్పుడు దిక్కు నడవమని. ఇల్లు అక్కడే ఉంటుంది. ఆలోచించకుండా కాళ్లు అటే తిరిగాయి. నడిచినకొద్దీ మోత పెరిగింది, సందులు ఇరుకయ్యాయి. ఒక మలుపు దగ్గర ఆ మోత నాలుగు వైపుల నుంచీ వచ్చింది. అప్పుడు గానీ వెలగలేదు, ఇది కూడా నేతగాళ్ల ఊరే, కానీ ఇందులో నా ఇల్లు లేదు. ఓ గుమ్మంలో కూర్చుని ఏడ్చేశాను. కాశీలో తప్పిపోయినందుకంటే కోరుట్ల చేజారిందని ఎక్కువ ఏడ్చాను. లోపల నూలు కండెలు చుడుతున్న ఒకామె నీళ్లు తెచ్చిచ్చింది. "గంగ, గంగ" అన్నాను. ఆమె చెయ్యి చాపి ఒక వైపు చూపించింది. చప్పుడుకు వీపు తిప్పి అటు నడిచాను. అది వెనక్కి తగ్గుతుంటే భయం మరీ పెరిగింది. అయినా ఆగలేదు. నది కనిపించాక ఒడ్డు పట్టుకుని రేవు తర్వాత రేవు వెతికాను. పొద్దు గుంకుతుండగా ఇనుప కంచె మీద పొద్దున ఆరేసిన అక్క ఆకుపచ్చ చీర కనబడింది.

సత్రం మెట్ల మీద పద్మక్క కూర్చుని ఉంది. మిగతావాళ్లు చుట్టూ నిలబడి ఆమెను దులిపేస్తున్నారు. "ఎవలనన్న తోలియ్యి పద్మక్కా, ఆడిపిల్లకు ఏమన్నయితే ఎట్ల?" అంటోంది ఒకామె.

"ఎవ్వలు పోవద్దు. అదే అస్తది" అంది అక్క. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం చూసినవే?" అని మాత్రం అడిగింది.

"సాంచాలు."

"కాశికచ్చి సాంచాలు చూసినవా, నీ పాడుగాను!" అని నవ్వి, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంతలో ఫోను మోగింది. ఆయనే. అక్క ఫోను నా చేతికిచ్చింది. "ఇందాక చేసిండు, అంతా చెప్పిన. అబద్ధమాడలే" అంది మెల్లగా.

"ఏడున్నవ్?" అని అరిచాడు ఆయన.

"సత్రం కాడ. తొవ్వ తప్పిపోయిన. మల్ల అచ్చిన."

"ఎవలు తోల్కచ్చిండ్రు?"

"ఎవ్వలు తోల్కరాలే. నేనే అచ్చిన." ఇక ఆగితే నోరు రాదనిపించి, "ఇంటికచ్చినంక కోరుట్లకు పోతున్న" అన్నాను. పోవాలా అని అడగలేదు. ఆయన వద్దనలేదు, "తిన్నవా?" అన్నాడు.

మర్నాడు గైడు చూపించినవి ఇప్పుడడిగితే ఒక్కటీ చెప్పలేను. కోరుట్ల షెడ్డు నా చేతుల్లోనే ఉంది. కథలాపూర్, రాయికల్ వైపు ఆడవాళ్లు పనికొస్తారు. వాళ్లలో ఎవరైనా మొదటిసారి సరుకు కోసం ఒక్కతే పట్నం వెళతానంటే వద్దనాలనే ఉంటుంది. "పొయ్యి రా" అంటాను. ఆమె తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. ఆ రోజు పద్మక్క కూడా ఏమీ తినలేదని మిగతావాళ్లు తర్వాతెప్పుడో చెప్పారు.