ఆకు గుర్తు దారి

మహబూబాబాద్ నుంచి గంగారం వైపు అద్దె కారు నడిపే బానోతు మాన్‌సింగ్ కళ్ళెదుట ఎప్పుడూ రెండు దారులు వెలుగుతుంటాయి. కారులో అమర్చిన తెర పెద్దరోడ్డునే చూపుతుంది. అద్దం కింద బిగించిన ఫోను మాత్రం డీజిల్ తక్కువ తాగే అడవి దారికి పచ్చని ఆకు గుర్తు పెడుతుంది. యజమానిది ఒకటే మాట: "ఆకున్న తొవ్వలనే పో." ఆ మాటకు జడిసి, ఆకు అడగని పొదుపు కూడా అతను అలవాటు చేసుకున్నాడు. దిగుడు రాగానే తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తాడు. బండి దానంతటదే దొర్లుతుంది.

మొన్నటి వానలో ఐలమ్మ అనే ముసలామెను దవాఖాన నుంచి ఇంటికి తీసుకెళ్తూ అలాగే చేశాడు. ఇంజిన్‌తో పాటు కారు తెర ఆరిపోయింది. సిగ్నల్ అందక ఫోను అప్పటికే మూగబోయింది.

"ఏంది బిడ్డా, బండి సప్పుడు జేస్తలేదు?" అంది వెనక సీట్లోంచి ఆమె.

"డీజిల్ మిగులుతదవ్వా."

మలుపు తిరగగానే రోడ్డు నిండా మేకలు, వాటి నడుమ గొంగడి కప్పుకున్న కాపరి. బ్రేకు రెండుసార్లు పట్టింది; ఆపేసిన ఇంజిన్ నుంచి బలం అందక మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుపోయి, తొక్కినా దిగలేదు. మాన్‌సింగ్ రెండు కాళ్ళతో తొక్కుతూ హ్యాండ్‌బ్రేకు లాగాడు. కాపరి మోకాళ్ళకు జానెడు దూరంలో బండి ఆగింది.

"డీజిల్ మిగిలింది సరే, మనం మిగిలినమా సూడు కొడుకా," అంది ఐలమ్మ.

యజమాని మాట మారలేదు, ఆకు గుర్తూ ఆ దారిని వదల్లేదు. నేటికీ దిగుడు కనబడితే మాన్‌సింగ్ చేయి తాళం మీదికి పోతుంది. దాన్ని తిప్పకుండా గట్టిగా పట్టుకుని, పాదంతో బ్రేకును తడిమి చూసుకుంటూ దిగుతాడు.