ఎవరి భుజానికి నిటారు

మా వెస్లీ గల్చ్‌లో ఏది వంకరగా కనిపించినా తప్పు నేలదే. తలుపు గడియ పడకపోతే నేల కుంగిందంటారు. బల్లమీద పెట్టిన గుడ్డు దొర్లితే నేల కుంగిందంటారు. చర్చిలో ఎవరైనా శ్రుతి తప్పి పాడినా వెనక బెంచీలోని ముసలి గనికార్మికులు అదే మాట గొణుగుతారు. ఊరి కింద నూరేళ్ళపాటు రాగి తవ్విన సొరంగాలున్నాయి. ఎన్నున్నాయో ఎవరి పటంలోనూ సరిగ్గా లేదు. అందుకే ఆర్డెల్ ట్రెవెనా తన బతుకులో మొదటిసారి ఒక తుపాకిమీద స్కోపుని, అంటే గురిచూసే దుర్బిణీ గొట్టాన్ని, నిటారుగా నిలపలేకపోయినప్పుడు ముందుగా అనుమానించింది తన దుకాణం నేలనే. ఒక రోజంతా అక్కడే పోయింది.

ఆర్డెల్‌కి డెబ్బై ఒకటి. తాతా తండ్రీ గనిలో దిగినవాళ్ళే. ఇతనికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, దిగనివ్వలేదు. చెప్పులు కుట్టే దుకాణం ఒకటి మూతపడితే అందులో తుపాకుల మరమ్మతు మొదలుపెట్టాడు. నలభై ఆరేళ్ళ నుంచి వేసవి చివర ఊళ్ళో సగం తుపాకులు అతని బల్లమీదుగానే కొండెక్కుతున్నాయి. పొడుగ్గా, ఎండిన చేపలా ఉంటాడు. మధ్యాహ్నం మాంసమూ బంగాళాదుంపా కూరిన పాస్టీ ఒకటి తింటాడు, అదీ నిలబడే. మరలు బిగించేటప్పుడు ఎవరైనా మాట్లాడితే పని ఆపేసి, వాళ్ళు బయటికి వెళ్ళేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు.

అతని పద్ధతి ఒక్కటే. తుపాకికి మందపాటి గుడ్డ చుట్టి, బల్లకి బిగించిన వైసు ఇనుప దవడల మధ్య పట్టిస్తాడు. దాని నడినెత్తిన చదునుగా ఉన్నచోట చిటికెన వేలంత రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా తుపాకిని వెంట్రుకవాసి చొప్పున జరుపుతాడు. తుపాకి నిటారైంది. తరువాత స్కోపుని రింగుల్లో వదులుగా కూర్చోబెట్టి, కిటికీలోంచి ఎదురు గోడకు వేలాడే తూకపు గుండు దారాన్ని అందులోంచి చూస్తాడు. స్కోపు లోపలి నిలువుగీత ఆ దారంమీద పడాలి. పడ్డాక మరలు ఇటొకటి, అటొకటి, పావు చుట్టు చొప్పున. ఒకవైపే బిగించుకుంటూ పోతే గొట్టం ఆ వైపుకి తిరిగిపోతుంది.

నేను చాలా దేశాల్లో కట్టడాలు చూశాను, కట్టేవాళ్ళనీ చూశాను. భాషలు వేరు, దేవుళ్ళు వేరు, గోడ లేపుతున్న మేస్త్రీ చేతిలో మాత్రం అదే దారం, దాని కొసన అదే బరువు. పుస్తకాల్లో వెతికితే మూడువేల ఏళ్ళ కిందటి సమాధుల్లోనూ దొరికిందని రాశారు. దానికి నేలతో పనిలేదు, కట్టిన ఇల్లు కుంగినా అది కుంగదు. ఈ సంగతి నాకంటే ఆర్డెల్‌కి బాగా తెలుసు. తెలిసి కూడా నేలనే అనుమానించాడంటే, ఈ ఊరి గాలి అలాంటిది.

ఆ తుపాకి ఐలీ కంగస్‌ది. అంటే, నాలుగేళ్ళ కిందట చనిపోయిన ఆమె భర్త వైనోది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు, ఏటా వేసవి మొదట్లో, పెద్దకొమ్ముల కొండపొట్టేలు వేట అనుమతి లాటరీకి చీటీలు పంపారు. మా కొండకి ఏడాదికి రెండు చీటీలు తగులుతాయి. ఒక్కోసారి ఒకటే. తగలకుండానే పోయేవాళ్ళు చాలామంది, వైనో అలాగే పోయాడు. ఈ ఏడు ఐలీకి తగిలింది. ఒక్క పొట్టేలు, ఒక్క శరత్కాలం. అరవై నాలుగేళ్ళ మనిషికి ఇంకోసారి తగలదు. ఆమె సొంత తుపాకి చిన్నది, నూరు గజాల్లో జింకకి సరిపోతుంది. రాళ్ళమీద మూడు వందల గజాల దూరాన నిలబడే పొట్టేలుకి వైనో తుపాకే కావాలి. వైనో దానికి ఎప్పుడూ స్కోపు పెట్టనివ్వలేదు, ఇనుప గురిముక్కతోనే కొట్టేవాడు. అద్దంలోంచి చూసి కొట్టేవాడు వేటగాడు కాదు, పోస్టాఫీసు గుమాస్తా అనేవాడు. ఐలీ కళ్ళకి ఇనుప గురిముక్క ఇప్పుడు ఆనదు. అందుకని తుపాకి తెచ్చి ఆర్డెల్ బల్లమీద పెట్టి, శనివారం కొండెక్కుతున్నానని చెప్పింది. అప్పటికి సోమవారం.

మంగళవారం సాయంత్రానికి అంతా అయింది. బుడగ నడిమిన ఉంది, గీత దారంమీద ఉంది. ఐలీ వచ్చి తుపాకి వైసులోంచి తీసి, భుజానికి ఆనించి, కిటికీలోంచి దారాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఎడమకి ఒరిగింది ఆర్డెల్. తాగినవాడు గోడకి ఆనుకున్నట్టుంది."

అతను తుపాకి తీసుకుని మళ్ళీ వైసులో పెట్టాడు. బుడగ నడిమినే. గీత దారంమీదే. వైసులోంచి తీసి తన భుజానికి పెట్టుకున్నాడు. ఒరిగింది. మళ్ళీ వైసులో పెడితే నిటారు.

గీత ఒరిగితే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. దగ్గరలో ఏమీ కాదు. దూరం పెరిగేకొద్దీ గుండు పక్కకి జారుతుంది. మూడు వందల గజాల్లో బెత్తెడు జారితే పొట్టేలు చావదు, గాయంతో రాళ్ళలోకి పోయి ఎక్కడో పడుతుంది. ఐలీకి భయం అదే. తగలకపోతే ఊరుకుంటాను గానీ, దాన్ని కుంటిదాన్ని చేసి ఆ చీటీ ఖర్చుపెట్టలేనంది.

బుధవారం వీధిలో సగంమంది రసమట్టాలు పట్టుకొచ్చారు. ఒక్కొక్కటీ ఒక్కోలా చెప్పింది. సొరంగం కదిలి ఉంటుందని ఎవరో అన్నారు. ఆర్డెల్, నేను, డూషన్ బాబిచ్ కలిసి ఆ వైసుని బల్లతో సహా మోసుకెళ్ళి కార్మికసంఘం భవనం ముందు నల్లరాతి మెట్లమీద పెట్టాం. ఆ మెట్ల కింద సొరంగం లేదని అందరికీ నమ్మకం. అక్కడా అదే తంతు, బల్లమీద నిటారు, భుజంమీద వంకర. డూషన్ ఒకప్పుడు వైనోతో కలిసి గనిలో పనిచేసినవాడు, ఇప్పుడు సారా దుకాణం నడుపుతున్నాడు. మెట్లమీద కూర్చుని రొప్పుతూ, అటు పోయేవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు.

"ఒరే ముసలోడా, కుంగింది నేల కాదురా, నీ కళ్ళు. ఇంటికెళ్ళి సూప్ తాగి పడుకో."

 ఆ మాట ఆర్డెల్‌కి గుచ్చుకుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట తనే అనుకుంటున్నాడు. నలభై ఆరేళ్ళుగా కొండమీదికి పంపిన తుపాకులన్నీ ఇలాగే ఉన్నాయేమో, ఎవరూ చెప్పలేదేమోనని ముందురోజు నన్ను అడిగాడు.  పుస్తకాల్లో కాంతి వంగడం గురించి చదివింది ఏదో చెప్పబోయి, నాకే అర్థం కాక ఊరుకున్నాను.

నవ్వి నవ్వి అలిసిపోయాక డూషన్ తుపాకి ఇలా ఇమ్మన్నాడు. భుజానికి పెట్టి, మెట్లపక్క వేలాడదీసిన దారాన్ని చూశాడు.

"నిటారుగానే ఉందిగదా."

మేమెవరం నమ్మలేదు. మళ్ళీ చూడమన్నాం. మళ్ళీ చూశాడు, కొలిచి గీసినట్టుందన్నాడు. ఆర్డెల్ చూశాడు, ఒరిగింది. నేను చూశాను, ఒరిగింది. ఇప్పుడు పిచ్చి ఎవరికి పట్టిందో తెలియక ముగ్గురం మెట్లమీద అలా నిలబడిపోయాం. అప్పుడే రొట్టెల సంచితో వచ్చిన ఐలీ, డూషన్‌కి మాత్రం నిటారుగా ఉందని విని, అతని భుజంవైపు చూసి సంచి కింద పెట్టింది.

"డూషన్, చొక్కా గుండీలు విప్పు."

"నడివీధిలోనా?"

"విప్పమంటే విప్పు."

విప్పాడు. కుడి భుజం మొదట్లో, కాలరెముక విరిగి అతుక్కున్నచోట కోడిగుడ్డంత బొడిపె. పాతికేళ్ళ కిందట గని పైకప్పు కూలినప్పుడు ఇద్దరు దానికింద పడ్డారు, వైనో, డూషన్. ఇద్దరికీ ఒకే వైపు, ఒకే ఎముక. ఐలీ తుపాకి తీసుకుని దాని మడమని, భుజానికి ఆనే చివరని, తిప్పి చూసింది. దాని కొసనున్న రబ్బరు దిండుని వైనో ఆకురాయితో రాసి, మరల రంధ్రాలు కొత్తగా వేసి, వాలుగా బిగించాడు. తన విరిగిన భుజంమీద తుపాకి నిటారుగా నిలవాలని. ఇరవై ఏళ్ళకి పైగా వాళ్ళ వంటింటి గోడకే వేలాడినా దాన్ని ఎవరూ తిప్పి చూడలేదు. దాన్ని భుజానికెత్తేవాడు అతనొక్కడే కదా.

ఆర్డెల్ ముఖం తేలికపడింది. అరగంట పని అన్నాడు. ఆ దిండు తీసేసి కొత్తది వేస్తే తుపాకి మంచి భుజంమీద కూడా సవ్యంగా కూర్చుంటుంది, స్కోపు ముట్టుకోనక్కర్లేదు.

"దిండు ముట్టుకోకు," అంది ఐలీ. "అది ఆయన చేత్తో రాసింది."

"అయితే స్కోపుని వంకరగా పెట్టమంటావా?"

"నాకు నిటారుగా పెట్టమంటున్నాను."

గురువారం మధ్యాహ్నం దుకాణం నేలమీద కంబళి పరిచి, తలుపు తెరిచి, ఐలీని బోర్లా పడుకోమన్నాడు. కళ్ళు మూసుకుని, తుపాకిని ఎలా హాయిగా ఉంటే అలా భుజానికి ఆనించుకోమన్నాడు. ఆ తర్వాత కళ్ళు తెరిచి ఎదురు గోడమీది దారాన్ని చూడమని, పక్కన మోకాళ్ళమీద కూర్చుని స్కోపు గొట్టాన్ని మెల్లిగా తిప్పాడు. ఆమె చాలు అనగానే ఆపాడు. ఇటొకటి, అటొకటి, పావు చుట్టు చొప్పున బిగించాడు. చెమటలు కారాయి. లేచి దాన్ని వైసులో పెట్టి చూసుకున్నాడు. ఎవరు చూసినా నవ్వేంత వంకర. ఆ స్కోపు తను పెట్టిందే అని చెప్పుకోవలసి వస్తుంది.

శుక్రవారం రాతిక్వారీలో కొట్టి చూశాం. నూరు, రెండొందలు, మూడొందల గజాలు. గుళ్ళన్నీ ఒకే నిలువున పడ్డాయి, పక్కకి వేలెడు జారలేదు. ఆర్డెల్ గురికి పెట్టిన అట్టముక్కమీది తూట్లని వేలితో ఒక్కొక్కటే తడిమాడు. గుండు భూమివైపు పడుతుంది గానీ తుపాకి కిందివైపుకి పడదు కదా, గీత భూమికి నిటారైతే చాలు కదా అని నేను అన్నాను. తల ఊపాడు. మరి ఇన్నేళ్ళూ తుపాకిని ముందు నిటారు చేసింది ఎందుకని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

ఐలీ శనివారం కొండెక్కి, తొమ్మిదో రోజున దిగింది. ఒక్క గుండు, ఒక్క పొట్టేలు. కొమ్ములు గడ్డం కిందుగా తిరిగి మళ్ళీ పైకి లేచాయి. మరుసటి ఆదివారం ఆర్డెల్‌నీ నన్నూ భోజనానికి పిలిచింది. ఉడికించిన బంగాళాదుంపలు, వెన్నలో వేయించిన మాంసం. ఎక్కడ చూసింది, గాలి ఎటు వీచింది, ఎంతసేపు రాళ్ళమీద పడుకుంది అన్నీ చెప్పింది. ఆర్డెల్ ఏమీ వినలేదు. ఆమె ఆగేదాకా ఆగి, అతను అడగదలచుకున్నది ఒక్కటే అడిగాడు.

"కొట్టేటప్పుడు గీత నిటారుగా ఉందా?"

ఐలీ ఫోర్కు పట్టుకుని ఆలోచించింది.

"చూడలేదు. దాని ఊపిరి కనిపించింది, చలికి. అదే చూశాను."

"మరి తుపాకి ఎలా పట్టుకున్నావు? ఒరిగిందా, లేదా?"

"ఏమో ఆర్డెల్. పట్టుకున్నాను."

ఆ తర్వాత అతను సరిగా తినలేదు. వెళ్ళేటప్పుడు గోడమీది తుపాకిని చూపించి, ఒక్కరోజు ఇస్తే మళ్ళీ ఒకసారి కొలిచి తెస్తానన్నాడు. ఐలీ కాగితంలో చుట్టిన మాంసం పొట్లం అతని చేతిలో పెట్టి, తుపాకికీ అతనికీ మధ్య నిలబడింది.