రొయ్య పెంకుల పొర

“అయితే ఈ పొరలో ఉండేది ఎవరి పెంకులే?”

“కొన్న పెంకుల పొడి అవ్వా. డబ్బాలో వస్తాది.”

“మరి నేనిచ్చినవి?”

“కాలేజీలో మెట్ల కింద ఉండాయి.”

“నాలుగు నెలలు! ఒక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా నీకు?”

“చెప్తే బాధపడతావని...”

“ఇప్పుడు సంబరపడతా ఉండానా?”

నా మనవరాలికీ నాకూ ఈ మాటలు మా వాకిట్లోనే నడిచాయి, పక్కింటామె ఎదుట. అది తెచ్చిన పలుచని పొర ముక్కను వెలుతురుకి ఎత్తిపట్టి, నా పెంకులతో చేసిందని ఆమెకు గొప్పగా చూపించి నిమిషం కాలేదు. ఔనని చెప్పవే అంటే పిల్ల తలొంచుకుంది.

నేను చదివింది మూడో తరగతి. బోగోలు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. పిల్ల నెల్లూరులో పరిశోధన చేస్తోంది. రొయ్య పెంకుల నుంచి తీసిన జిగురులో పింగాణీ లాంటి మెత్తని పొడి కలిపి పొరగా పోస్తారట. ప్లాస్టిక్ లాంటి వాటితో చేసే, వంచినా విరగని కరెంటు పరికరాల్లో, కరెంటు కారిపోకుండా ఆ పొర అడ్డం నిలుస్తుందట. “నీ పెంకులే కావాలవ్వా” అని అడిగింది. నమ్మాను. రోజూ పని దిగాక పెంకులు ఏరి, కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, కాకుల్ని తోలి, గోతాలకెత్తి ఇచ్చాను.

“ఎందుకు పనికిరాలేదో అదన్నా చెప్పు.”

“ఉప్పవ్వా. బోరునీళ్లతో కడిగినావు. మేమెంత కడిగినా పూర్తిగా పోలా. ఉప్పుంటే కరెంటు కారిపోతాది.”

మా బోరులో వచ్చేవి ఉప్పునీళ్లు. తాగే నీళ్లు క్యాన్లలో కొంటాం. వాటిని పెంకులకు పోయడానికి నాకు చేతులు రాలేదు. ఆ తప్పు నాదే. కానీ మొదటి గోతంతోనే దానికి సంగతి తెలిసింది. తెలిసీ ప్రతి ఆదివారం వచ్చి, “బాగా ఎండినాయే” అని మెచ్చుకుని ఇంకో గోతం మోసుకుపోయింది. చెప్పి ఉంటే దిద్దుకునేదాన్ని. చిన్నపిల్లను ఆడించినట్టు నన్ను ఆడించింది.

“పోనీలే అక్కా, చదువుకునే పిల్ల,” అని పక్కింటామె సర్దబోయింది.

“చదువుకునింది గాబట్టే అడగతా ఉండా. చదువురాని పిల్లయితే నేనే వదిలేసుందును.”

మరుసటి రోజు పొద్దున్నే పిల్ల మిద్దె ఎక్కి, ఆరబోసిన పెంకులు ఇమ్మంది. ఎంత కడిగినా పోలేదని నిన్న చెప్పిన నోటితోనే, ఈసారి తనే కడుక్కుంటానంది. ఇవ్వలేదు. అన్నీ గంపకెత్తి పక్కింటి కోళ్లకు పోసి, షెడ్డుకు పోయాను. పిల్ల ఏడు గంటల బస్సెక్కింది.