డేనియల్ వీలునామా

ఐర్లండ్‌లో మే నెలలో వాటర్‌ఫోర్డ్ దాటి సముద్రం వైపు వెళ్తే గట్ల నిండా గోర్స్ అనే ముళ్లపొదలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. ఎండ తగిలితే ఆ పూలు అచ్చం పచ్చికొబ్బరి వాసన వేస్తాయి. నిన్న కారు అద్దం దించగానే ఆ వాసన లోపలికి వచ్చింది. ఒక్క క్షణం నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. కిటికీ బయట ఇవే పొదలున్న మౌరీన్ వంటింట్లో, బల్ల ముందు కూర్చుని, ఇద్దరం బఠానీలు ఒలుస్తున్నట్టే అనిపించింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది.

ఇక్కడి ఆసుపత్రిలో నేను డాక్టరుగా చేరిన కొత్తలో మౌరీన్ ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకున్నాం. ఆవిడకు ఎనభై దాటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. పొలం పక్కవాళ్లు చేసుకుంటున్నారు. కళ్లకు నడిమధ్య చూపు పోయింది. "సూటిగా చూస్తే నువ్వు కనిపించవు పిల్లా, పక్కకు చూస్తేనే కనిపిస్తావు" అనేది. అందుకే మాట్లాడుతున్నంతసేపూ నా భుజం మీదుగా ఎటో చూసేది. నా వెనక ఎవరో నిలబడి ఉన్నారేమో, ఆవిడ మాట్లాడేది వాళ్లతోనేమో అనిపించేది.

ఆ నిలబడి ఉన్నది చాలాసార్లు డేనియలే. మౌరీన్ పూర్వీకుల్లో ఒకరి తమ్ముడు. రెండు వందల ఏళ్లకు పైగా కిందట, పదిహేడేళ్ల వయసులో ఈ వాటర్‌ఫోర్డ్ రేవులోనే ఓడ ఎక్కి అమెరికా వెళ్లాడు. మేరీలాండ్‌లో అడవి నరికి పొగాకు, మొక్కజొన్న వేశాడు. మొదటి చలికాలం ఇంటి కప్పు ఎగిరిపోతే, ఆవు పక్కన ఒదిగి పడుకున్నాడు. రేచెల్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. తొమ్మిదిమంది పిల్లలు పుడితే ముగ్గురిని ఆపిల్ చెట్ల కింద పాతిపెట్టాడు. మౌరీన్ ఇదంతా నిన్న చూసి వచ్చినట్టే చెప్పేది. వింటూ ఉంటే కిటికీ అవతలి వాన కూడా మేరీలాండ్‌లోనే కురుస్తున్నట్టుండేది.

ఒకరోజు అమెరికా నుంచి కవరు వచ్చింది. డేనియల్ వంశం వాళ్లెవరో ఆయన వీలునామా నకలు సంపాదించి పంపారు. ఆ ఆదివారమే ఊరి హాల్లో డేనియల్ గురించి మౌరీన్ అందరికీ చెప్పాల్సి ఉంది. "నువ్వే చదువు పిల్లా" అని కవరు నా చేతిలో పెట్టి, ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుని కూర్చుంది.

భార్యకు పరుపు, రాట్నం. పెద్ద కొడుక్కి భూమి. చిన్నవాడికి ఎర్ర గుర్రం. ఆ తర్వాతి వాక్యాన్ని ముందు మనసులో చదువుకుని, తర్వాత పైకి చదివాను. కూతురు మేరీకి హన్నా అనే నల్లజాతి బానిస పిల్లను ఇచ్చాడు. హన్నాకు ఇకమీద పుట్టబోయే బిడ్డలను కూడా.

"మళ్లీ చదువు" అంది మౌరీన్. చదివాను. కెటిల్ మరిగి మరిగి దానంతట అదే ఆగిపోయింది. ఇద్దరం లేవలేదు.

"ఆ ఒక్క వాక్యం వదిలేయండి. హాల్లో ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆవిడ మీద జాలితోనే అన్నాను.

"ఇంకా పుట్టని బిడ్డల్ని కూడా ఇచ్చేశాడే!" అందావిడ. నా మాట వినిపించిందో లేదో తెలియలేదు.

ఆదివారం హాల్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. మౌరీన్ చేతిలో కాగితం లేదు. ఓడ గురించి, అడవి గురించి, ఆవు గురించి చెప్పింది. జనం నవ్వారు. అదే గొంతుతో హన్నా గురించీ చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలోంచి ఆవిడ మేనల్లుడు పాట్రిక్ లేచాడు.

"పోయినవాళ్ల సంగతి ఇప్పుడెందుకు, మౌరీన్?"

"హన్నా కూడా పోయింది కదా పాట్రిక్. డేనియల్‌ని లోపలికి పిలిచి ఆ పిల్లను వాకిట్లో నిలబెట్టమంటావా?"

కొందరు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. కారులో ఆవిడ సీటు బెల్టు నేనే పెట్టాను. "బాగానే ఉన్నారా?" అంటే "గ్రాండ్" అంది, బాగున్నామనడానికి ఇక్కడ అందరూ అనేట్టే. పాట్రిక్ ఏడాది పాటు ఆ గడప తొక్కలేదు. ఆవిడా డేనియల్ పేరెత్తలేదు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం మాత్రం, నా భుజం మీదుగా చూస్తూ, "హన్నా పొద్దున్నే లేచి ముందు ఏం పని చేసేదో?" అంది. తనే "తెలియదు" అంది. డేనియల్‌కు అల్లినట్టు హన్నాకు కథ అల్లలేదు.

పోయిన నెల మా అమ్మాయికి స్కూల్లో తాతముత్తాతల గురించి రాయమన్నారు. మా తాత రాళ్ల నేలను చదును చేసి చేను చేసిన కథ చెప్పడం మొదలుపెట్టాను. చిన్నప్పటినుంచీ వింటున్న కథే. సగంలో ఆగిపోయాను. హైదరాబాద్‌లో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, మనింట్ల పొలం పనికి జీతమున్నాయన పేరేంది?"

"మల్లిగాడా? వాని అయ్య గూడ మనింట్లనే చేసిండు. ఇప్పుడెందుకే వాని ముచ్చట?"

"ఆ రాళ్లు తాత ఏరిండా, ఆయన ఏరిండా?"

అత్త గొంతు తగ్గించింది. "మల్లయ్యనే ఏరిండు బిడ్డా. దున్నింది గూడ మల్లయ్యనే."

ఆయన్ని అత్త అలా పిలవడం నేను ఎన్నడూ వినలేదు.

మా అమ్మాయి తాత పేరు పక్కనే ఆ పేరు రాసి, "హూ వజ్ హీ, మామ్?" అని అడిగింది. నాకు తెలిసినంతా చెబితే రెండు వాక్యాలయింది. "వాళ్ల ఆవిడ పేరు?" అని అడిగింది. తెలియదన్నాను. ఆదివారం అత్తకు మళ్లీ ఫోన్ చెయ్యాలి.